హౌటన్ హాల్‌లో శిల్ప ప్రదర్శన: ఫ్రెండ్‌తో కలిసి వెళ్లి ఎలా చూడాలి

ఇంగ్లండ్‌లో వేసవి మొదలైతే పాత ప్రభువుల భవనాల తోటల్లో ఆధునిక శిల్పాలు వెలుస్తాయి. చదువుకో, ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన మనవాళ్లు చాలామంది లండన్ మ్యూజియంలు చూస్తారు, స్కాట్లండ్ వెళ్లొస్తారు, ఇలాంటి చోట్లకు మాత్రం వెళ్లరు. మనకు అర్థం కాదేమో అన్న బెరుకు ఒకటి, కారు లేకుండా ఎలా వెళ్లాలన్న టెన్షన్ ఇంకొకటి. రెండింటికీ దారి ఉంది. ఇద్దరు కలిసి వెళితే రెండూ తేలికవుతాయి.

నార్ఫోక్ కౌంటీలోని హౌటన్ హాల్‌ను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. బ్రిటన్ మొదటి ప్రధానమంత్రిగా చెప్పుకునే సర్ రాబర్ట్ వాల్‌పోల్ 1720లలో కట్టించుకున్న భవనం అది. ఇప్పుడు చమ్లీ మార్క్విస్ కుటుంబం చేతిలో ఉంది. కొన్నేళ్లుగా అక్కడ దాదాపు ప్రతి వేసవిలో ఒక కళాకారుడి ప్రదర్శన పెడుతున్నారు. 2017లో రిచర్డ్ లాంగ్, 2018లో డేమియన్ హర్స్ట్, 2019లో హెన్రీ మూర్, 2020లో అనీష్ కపూర్, 2021లో టోనీ క్రాగ్, 2024లో ఆంటొనీ గోర్మ్లీ, 2025లో స్టీఫెన్ కాక్స్. మీరు వెళ్లే ఏడాది ఎవరిది ఉన్నా, అక్కడే స్థిరంగా ఉండే శిల్పాలు కొన్ని ఉన్నాయి. వాటి కోసమైనా వెళ్లొచ్చు.

మొదటి పని: ఎవరితో వెళ్లాలో తేల్చుకోండి

కళ గురించి బాగా తెలిసినవాళ్లు తోడుంటేనే బాగుంటుందని అనుకోకండి. మీకంటే వేరే పని చేసేవాళ్లని, వేరే కన్నుతో చూసేవాళ్లని తీసుకెళ్లండి. వడ్రంగం వచ్చిన మనిషి చెక్క అతుకుల్ని చూస్తాడు. నర్సుగా పనిచేసే అమ్మాయి మనిషి బొమ్మలో భుజం ఏ పక్కకి ఒరిగిందో చూస్తుంది. తోటపని ఇష్టమున్నవాళ్లు శిల్పం కింద గడ్డి ఎందుకు పసుపుబారిందో అడుగుతారు. ఇవన్నీ శిల్పాన్ని చూడటమే.

ఒక్క షరతు ముందే మాట్లాడుకోండి. రోజంతా నడక ఉంటుంది, గబగబా ఫొటోలు తీసుకుని వెళ్లిపోవడం ఉండదు. దీనికి ఒప్పుకునేవాళ్లే సరైన తోడు. నలుగురైదుగురు కలిసి వెళితే సరదాగానే ఉంటుంది, కానీ కబుర్లు శిల్పాల నుంచి ఎటో వెళ్లిపోతాయి. ఇద్దరైతే ఒకరి మాట ఒకరు వింటారు.

టికెట్టు, ప్రయాణం

హౌటన్ ఏడాది పొడవునా తెరిచి ఉండదు. సాధారణంగా మే నుంచి సెప్టెంబర్ దాకా, అదీ వారంలో కొన్ని రోజులే. కాబట్టి రైలు టికెట్టు కొనే ముందు భవనం వెబ్‌సైట్‌లో ఆ రోజు తెరిచి ఉందో లేదో చూడండి. ఎంట్రీ టికెట్లు కూడా అక్కడే ముందుగా బుక్ చేసుకోండి. టికెట్టులో భవనం లోపలి గదులు కూడా కలిసి ఉన్నాయా, తోట ఒక్కటేనా అన్నది చదివి మరీ కొనండి. నా సలహా అడిగితే రెండూ ఉన్నదే తీసుకోండి. ఎందుకో కింద చెబుతాను.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి కింగ్స్ లిన్‌కు నేరుగా రైలుంది. కేంబ్రిడ్జ్, ఈలీ మీదుగా రెండు గంటల లోపే చేరుస్తుంది. కేంబ్రిడ్జ్‌లో ఉండేవాళ్లకు ఇంకా దగ్గర. ఇద్దరూ కలిసి తరచూ తిరిగేవాళ్లయితే ‘టూ టుగెదర్’ రైల్‌కార్డు తీసుకోండి. ఇద్దరి పేర్లూ ఫొటోలూ దాని మీద ఉంటాయి. ఇద్దరూ కలిసి ప్రయాణిస్తే ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9:30కి ముందు అది చెల్లదు, ఆ లెక్కన బయల్దేరండి. స్టూడెంట్ల దగ్గర 16–25 కార్డు ఎలాగూ ఉంటుంది, అదైనా సరిపోతుంది.

కింగ్స్ లిన్ స్టేషన్ నుంచి హౌటన్ సుమారు 20 కిలోమీటర్లు. అసలు చిక్కంతా ఇక్కడే. లండన్‌లోలా ఫోన్ తీసి యాప్‌లో క్యాబ్ పిలుద్దామనుకుంటే పల్లెటూళ్లలో కుదరకపోవచ్చు. ముందు రోజే కింగ్స్ లిన్‌లోని ఏదైనా టాక్సీ సంస్థకు ఫోన్ చేసి, వెళ్లడానికీ తిరిగి రావడానికీ రెండింటికీ మాట్లాడుకోండి. ముఖ్యంగా తిరుగు టాక్సీ. ఎన్ని గంటలకు, ఏ గేటు దగ్గర అన్నది స్పష్టంగా చెప్పండి. ఛార్జీ ఇద్దరూ పంచుకుంటే భారం తగ్గుతుంది.

కారు అద్దెకు తీసుకునే ఆలోచన ఉంటే, యూకేలో స్థిరపడ్డ మొదటి 12 నెలలు మన భారత్ లైసెన్సుతోనే నడపొచ్చు. అద్దె సంస్థలు వయసు విషయంలో సొంత నిబంధనలు పెడతాయి, అవి చూసుకోండి. హౌటన్ అనే పేరుతో ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లున్నాయి. మ్యాప్‌లో పేరు కొట్టి వదిలేయకుండా వెబ్‌సైట్‌లో ఇచ్చిన పోస్ట్‌కోడ్ పెట్టండి.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి

ముందు కాళ్ల సంగతి చూడండి. గడ్డి మీద, అదీ తడి గడ్డి మీద నడవాలి. తడవని బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. నార్ఫోక్ చదునైన నేల, గాలికి అడ్డు ఉండదు, గొడుగు తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్ జాకెట్ మేలు. మంచినీళ్లు, ఫోన్ ఛార్జర్, ఒక చిన్న నోట్‌బుక్, పెన్సిల్.

తిండికి పులిహోర గానీ చపాతీ రోల్ గానీ కట్టుకెళ్లండి. అక్కడ కేఫ్ ఉంది కానీ, మనకు మధ్యాహ్నం కడుపు నిండా తింటేనే సాయంత్రం దాకా ఓపిక. తినడానికి కేటాయించిన చోటు ఎక్కడో గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి. పూలతోటలో, శిల్పాల పక్కన కూర్చుని డబ్బా విప్పొద్దు.

రైల్లో ఒక పావుగంట చదువు

శిల్పుల గురించి ముందుగా చదవకండి, వాళ్ల మాటలు మీ కళ్లకు అడ్డొస్తాయి. ఆ నేల గురించి చదవండి. ఈ భవనాల్లో ప్రదర్శన ఆర్ట్ గ్యాలరీలో ప్రదర్శన లాంటిది కాదు. గ్యాలరీలో నాలుగు తెల్ల గోడలుంటాయి, చుట్టూ ఏమీ ఉండదు. ఇక్కడ శిల్పం వెనక మూడు వందల ఏళ్ల నాటి భవనం, పొడుగాటి చెట్ల వరసలు, మేస్తున్న దుప్పులు, వాటన్నిటి వెనక ఒక కుటుంబ చరిత్ర ఉంటాయి. శిల్పి వాటిని చూసుకునే తన పనిని అక్కడ నిలబెడతాడు.

హౌటన్ గురించి తెలియాల్సింది కొంచెమే. వాల్‌పోల్ తన పార్కును విశాలం చేసుకోవడానికి అక్కడున్న ఊరిని ఖాళీ చేయించి గేటు బయటికి మార్పించాడు. 1729లో మొదలైన ఆ కొత్త ఊరు, రోడ్డుకు రెండు పక్కలా వరసగా నిలిచిన తెల్లటి ఇళ్లతో, ఇప్పటికీ ఉంది. మీరు వెళ్లేది దాని మధ్యలోంచే. ఊరు పోయింది గానీ గుడి పోలేదు. సెయింట్ మార్టిన్ చర్చి పార్కు లోపలే మిగిలిపోయింది, వాల్‌పోల్ సమాధి అందులోనే. ప్రాజెక్టుల కింద ఊళ్లు ఖాళీ చేసిన కథలు తెలిసిన మనకు ఆ చర్చిని చూస్తే ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ పచ్చిక సహజంగా అంత ఖాళీగా లేదు, ఖాళీ చేయబడింది. ఆ నేల మీద నిలబెట్టిన ఏ శిల్పాన్ని చూసినా ఈ సంగతి మనసులో ఉండాలి.

ఇంకొకటి. వాల్‌పోల్ సేకరించిన గొప్ప చిత్రాలను ఆయన మనవడు 1779లో రష్యా రాణి కేథరిన్‌కు అమ్మేశాడు. అవి సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాయి. 2013లో వాటిలో కొన్ని ఒక ప్రదర్శన కోసం హౌటన్‌కు తిరిగొచ్చి, మళ్లీ వెళ్లిపోయాయి. సంపద, అప్పులు, పోగొట్టుకోవడం అన్నీ ఆ గోడల వెనక ఉన్నాయి.

లోపలికి వెళ్లాక: ఏ వరసలో తిరగాలి

టికెట్టు దగ్గర మ్యాప్ ఇస్తారు. దాన్ని అంకెల వరసలో పాటించాల్సిన పని లేదు. నేను చెప్పే వరస ఇది: ముందు భవనానికి పడమటి వైపున్న పచ్చిక, ఆ తర్వాత ఆ ఏడాది ప్రదర్శన, భోజనం, గోడల మధ్య తోట, భవనం లోపలి గదులు, చివరగా కళాకారుడు జేమ్స్ టరెల్ కట్టిన స్కైస్పేస్, అంటే కూర్చుని ఆకాశాన్ని చూసే గది. వాన పడితే మాత్రం భవనాన్ని ముందుకు జరపండి.

పడమటి పచ్చికతో మొదలుపెట్టమనడానికి కారణముంది. అక్కడి నుంచి భవనం మొత్తం కనిపిస్తుంది, ఎదురుగా దూరం దాకా చూపు సాగుతుంది. ఆ ఎస్టేట్ కొలతలు మీ కంటికి అందుతాయి. కన్ను ఆ కొలతకు అలవాటు పడకముందే శిల్పాల దగ్గరికి పరిగెడితే, పెద్దవి చిన్నగానూ చిన్నవి అసలు లేనట్టుగానూ అనిపిస్తాయి. పది నిమిషాలు ఊరికే నిలబడండి. దుప్పులను వెతకండి. హౌటన్ పార్కులో తెల్లదుప్పుల మంద పేరుపొందినది.

ఒక్కో శిల్పం దగ్గర ఏం చేయాలి

దూరంగా ఉండగానే ఆగండి. శిల్పం వెనక ఏముందో చూడండి: చెట్టా, భవనమా, ఆకాశమా. అప్పుడు ఇద్దరూ మాట్లాడుకోకుండా దగ్గరికి నడవండి. పెద్ద శిల్పమైతే ఒకరు కుడి వైపు నుంచి, ఇంకొకరు ఎడమ వైపు నుంచి చుట్టి రండి. వెనక పక్కన ఎదురుపడతారు. ఆ ఎదురుపడే క్షణానికి మీరు చూసింది ఒకటి, ఆ మనిషి చూసింది ఇంకొకటి. మాట అక్కడ మొదలవ్వాలి.

ఒకరు శిల్పం పక్కన నిలబడి ఇంకొకరు వంద అడుగులు వెనక్కి వెళ్లి చూడటం కూడా మంచి పద్ధతే. మనిషి పక్కనుంటేనే దాని ఎత్తు అందుతుంది. తర్వాత చోట్లు మార్చుకోండి.

తర్వాత కింద చూడండి. చాలామంది చూడనిది ఇదే. శిల్పం నేలకు ఎలా ఆనుతోంది? దిమ్మ మీదా, నేరుగా గడ్డి మీదా, సగం పాతిపెట్టారా? మన గుళ్లలో అధిష్ఠానం, అంటే గుడి నిలిచే పీఠం, ఎంత ముఖ్యమో తెలిసినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. ఆధునిక శిల్పులు దిమ్మను తీసేసి శిల్పాన్ని మనం నడిచే నేల మీదికి దించారు. దాన్ని మనం ఎలా కలుస్తామన్నది అక్కడితో మారిపోయింది.

వివరాలు రాసిన పలక చివర్లో చదవండి. ఫ్రెండ్‌ని ‘‘అర్థమైందా?’’ అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎవరైనా ముడుచుకుపోతారు. ‘‘నువ్వు మొదట ఏం చూశావు?’’ అని అడగండి. దీనికి జవాబు ప్రతి ఒక్కరి దగ్గరా ఉంటుంది.

గోర్మ్లీ ప్రదర్శన దగ్గర ఒక సివిల్ ఇంజనీర్

ఇదంతా ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో ఒక ఉదాహరణతో చెబుతాను. 2024లో గోర్మ్లీ ‘టైమ్ హొరైజన్’ అనే పనిని హౌటన్‌లో పెట్టాడు. మనిషి ఎత్తున పోతపోసిన 100 ఇనుప బొమ్మలు, దాదాపు 300 ఎకరాల్లో చెల్లాచెదురుగా. ఒక్కోటి 620 కిలోలు. 2006లో ఇటలీలో మొదటిసారి నిలబెట్టిన బొమ్మలే అవి. పొలాల్లో కొన్నిటికి తల పైభాగం ఒక్కటే కనిపించేది, కొన్ని ఛాతీ దాకా, కొన్ని మోకాళ్ల దాకా పాతిపెట్టి ఉండేవి. సుమారు పాతిక బొమ్మలు కాంక్రీటు స్తంభాల మీద, కొన్ని నాలుగు మీటర్ల ఎత్తున ఉండేవి.

నాతో వచ్చిన స్నేహితురాలు హైదరాబాద్‌లో సైట్ ఇంజనీరుగా పనిచేసి, తర్వాత చదువుకోడానికి వచ్చిన మనిషి. నేను బొమ్మల ముఖాలు చూస్తూ నడుస్తున్నాను. ఆమె ఒక చోట ఆగి, ఒక కన్ను మూసి, అరచెయ్యి అడ్డంగా పెట్టి చూసింది.

‘‘తలలన్నీ ఒకే లెవెల్లో ఉన్నాయి, చూశావా?’’ అంది.

చూశాను. నిజమే. బొమ్మలన్నిటినీ ఒకే సమమట్టానికి నిలబెట్టారు. నేల ఎత్తున్న చోట బొమ్మ భూమిలోకి దిగుతుంది, నేల పల్లమైన చోట స్తంభం మీదికి లేస్తుంది. కంటికి చదునుగా కనిపించే ఆ పార్కు నిజానికి ఎంత ఎగుడుదిగుడుగా ఉందో ఆ బొమ్మలు చూపిస్తున్నాయి. సైటు మీద లెవెలింగ్ చేసేటప్పుడు ఒక బెంచ్‌మార్క్ పెట్టుకుని, దాన్నుంచి మిగతా నేల ఎత్తుపల్లాలు లెక్కకడతారని ఆమె వివరించింది. ఆ తర్వాత మేము ఒక్కో బొమ్మ దగ్గర ముఖాలు చూడటం మానేసి, దాని కాళ్ల కింద నేలను చూస్తూ తిరిగాం. ఆ ప్రదర్శనకు తాళంచెవి ఆమె వృత్తిలో ఉంది. పలక మీద అదే విషయం వేరే మాటల్లో రాసి ఉంది, కానీ చదివి తెలుసుకోవడం వేరు, పక్కనున్న మనిషి చెయ్యి అడ్డంపెట్టి చూపిస్తే చూడటం వేరు.

గోర్మ్లీ యవ్వనంలో కొన్నేళ్లు భారతదేశంలో ఉండి విపశ్యన ధ్యానం నేర్చుకున్నాడు. కదలకుండా, చేతులు పక్కనే వేలాడుతూ నిలబడే ఆ బొమ్మల దగ్గర ఈ సంగతి చెబితే ఎవరైనా ఇంకాసేపు నిలబడతారు.

‘‘ఇది నేనూ చేయగలను’’ అంటే ఏం చేయాలి

ఎవరో ఒకరు అంటారు. కొట్టిపారేయకండి, అది నిజాయితీ ఉన్న మాట. ఆ మాటనే పట్టుకుని పనిలోకి దిగండి.

రిచర్డ్ లాంగ్ 2003లో చేసిన ‘ఫుల్ మూన్ సర్కిల్’ హౌటన్‌లో స్థిరంగా ఉంది. పచ్చిక మీద పలకరాళ్లు పరిచిన పెద్ద వలయం, అంతే. 2017లో ఆయన పడమటి పచ్చిక మీద 84 మీటర్ల పొడవున ఒక గీత వేశాడు, ఆ ప్రాంతంలోనే దొరికే తుప్పురంగు రాళ్లతో. రాళ్లు వరసగా పేర్చడం ఎవరికైనా వచ్చు. అయితే ఫ్రెండ్‌ని ఇలా అడగండి: ‘‘నువ్వైతే ఎక్కడ మొదలుపెడతావు, ఎక్కడ ఆపుతావు? ఎంత వెడల్పు? రాళ్లను కలిపి పెడతావా, మధ్యలో గడ్డి కనిపించనిస్తావా?’’ నిజంగా ఆలోచించి జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తే, ఒక్కో నిర్ణయం ఎంత కష్టమో తెలుస్తుంది. ఇంత పెద్ద భవనం ముందు, దానితో పోటీ పడకుండా, దానికి లొంగిపోకుండా నేల మీద ఒక ఆకారం పెట్టడం సులభం కాదు.

ఇంత మాట్లాడుకున్నాక కూడా నచ్చకపోతే నచ్చలేదనే చెప్పుకోండి. మర్యాదకు మెచ్చుకోవాల్సిన అవసరం లేదు. ఎందుకు నచ్చలేదో మాత్రం ఒక్క వాక్యంలో చెప్పడానికి ప్రయత్నించండి.

రాతి పని దగ్గర ఎక్కువసేపు ఉండండి

రామప్ప, లేపాక్షి చూసి పెరిగిన మనకు రాయి చదవడం కొంత వచ్చు. ఆ అలవాటును ఇక్కడికి తీసుకురండి. స్టీఫెన్ కాక్స్ 1986 నుంచి మహాబలిపురంలో పనిచేస్తున్న బ్రిటిష్ శిల్పి. అక్కడ స్టూడియో పెట్టుకుని, గుడి శిల్పాల సంప్రదాయంలో తయారైన శిల్పులతో కలిసి నల్లరాతిలో, గ్రానైట్‌లో చెక్కుతాడు. 2025లో ఆయన ప్రదర్శన హౌటన్‌లో జరిగింది. అంతకు ముందు నుంచీ ఆయన పని అక్కడి ఆవరణలో ఉంది. ఉలి దెబ్బలు కనిపించేలా వదిలేసిన చోటు ఎక్కడ, అద్దంలా నునుపు చేసిన చోటు ఎక్కడ అని చూడండి. రెండూ కలిసే అంచు దగ్గర ఆగండి. గ్రానైట్‌ను అంత నునుపు చేయడానికి ఎన్ని రోజుల చాకిరీ పడుతుందో మన ఊళ్లలో విగ్రహాలు చెక్కేవాళ్ల పక్కన కూర్చున్నవాళ్లకు తెలుసు. నార్ఫోక్ గడ్డి మీద దక్షిణ భారత చేతిపనిని చూడటం నాకైతే ఎంతో గర్వంగా అనిపించింది. మీ ఫ్రెండ్ వేరే దేశపు మనిషి అయితే ఈ విషయం మీరే చెప్పాలి, మీకంటే బాగా ఎవరు చెబుతారు?

తాకొచ్చా, ఫొటోలు తీయొచ్చా

ప్రత్యేకంగా అనుమతి రాసి ఉంటే తప్ప తాకొద్దు. చేతి చెమట, నూనె వల్ల కంచు మీద పూత చెడుతుంది, మెరిసే స్టీలు మీద మరకలు పడతాయి. పైకి ఎక్కడం అసలే వద్దు. సందేహముంటే అక్కడున్న సిబ్బందిని అడగండి. వాళ్లలో చాలామంది శిల్పాన్ని అక్కడికి ఎలా తెచ్చారో, ఎలా దించారో సంతోషంగా చెబుతారు. పలక మీద ఉండని సంగతులు అవి.

ఫొటోలు ఆరుబయట తీసుకోవచ్చు. భవనం లోపల గది గదికీ నిబంధన వేరుగా ఉండొచ్చు, చూసుకోండి. నా పట్టుదల ఒకటే: ఒక్కో శిల్పాన్ని చుట్టి చూడటం పూర్తయ్యాకే ఫోన్ బయటికి తీయాలి.

గోడల మధ్య తోట

ఐదు ఎకరాల తోట, చుట్టూ ఇటుక గోడ. మనసు అలసిపోయినప్పుడు ఇక్కడికి రండి. జెప్పె హైన్ 2006లో పెట్టిన ‘వాటర్‌ఫ్లేమ్’ ఇక్కడే ఉంది: నీటి ధార మీద మంట వెలుగుతూ ఉంటుంది. ఎలా సాధ్యమని ఇద్దరూ వాదించుకోండి. తర్వాత గులాబీలు చూడండి.

ఆవరణలోనే రేచల్ వైట్‌రీడ్ 2012లో చేసిన ‘హౌటన్ హట్’ ఉంది. ఒక గుడిసె లోపలి ఖాళీని కాంక్రీటుగా పోతపోసింది. మనం లోపల నిలబడాల్సిన చోటే గట్టిపడి మన ముందు నిలుస్తుంది. కిటికీ లోపలికి ఉండాల్సింది బయటికి వచ్చి ఉంటుంది. దీని దగ్గర ఫ్రెండ్‌కు ఏమీ చెప్పకుండా కాసేపు వదిలేయండి. తనంతట తానే కనుక్కుంటే కలిగే ఆనందం మీరు చెబితే రాదు.

భవనం లోపల

తోటలో శిల్పాలు చూశాక భవనమెందుకని కొందరు వెళ్లిపోతారు. అలా చేయకండి. శిల్పంతో గదిని నింపడం ఈ భవనానికి కొత్త కాదు. స్టోన్ హాల్ పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 40 అడుగులే. ఆ కాలపు శిల్పి రిస్‌బ్రాక్ చెక్కిన పాలరాతి పని అందులో ఉంది. మెట్ల మధ్య ఖాళీలో, నాలుగు స్తంభాల మీద కంచు గ్లాడియేటర్ విగ్రహం నిలబడి ఉంటుంది. మెట్లెక్కుతూ పోతే అది ఒక్కో మలుపులో ఒక్కోలా కనిపిస్తుంది. శిల్పం చుట్టూ మనల్ని తిప్పాలన్న ఆలోచన 18వ శతాబ్దం వాళ్లకూ ఉందని అక్కడ తెలుస్తుంది.

గదుల్లో ఒక్కో కిటికీ దగ్గరా ఆగి బయటికి చూడండి. పొద్దున మీరు దగ్గరగా చూసిన శిల్పాలు ఇంటివాళ్ల చూపుకు ఎలా కనిపిస్తాయో చూడటానికి ఇదొక్కటే మార్గం. ఊరిని తీసేసిన నేలను ఆ కిటికీల్లోంచే చూసేవారు.

చివరగా స్కైస్పేస్

జేమ్స్ టరెల్ 2004లో చేసిన ఈ కట్టడం చెట్ల మధ్య, నేలకు కొంచెం ఎత్తున, చెక్కతో చేసిన గదిలా ఉంటుంది. లోపల గోడల వెంట కూర్చునే బల్లలు. పైకప్పులో చతురస్రంగా కోసిన ఖాళీ. అందులోంచి ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించదు.

దీన్ని చివరికి ఉంచమనడానికి కారణం కాళ్లు. రోజంతా నడిచాక అరగంట కూర్చోవడానికి ఒళ్లు ఒప్పుకుంటుంది. పొద్దున్నే వెళితే మూడు నిమిషాలకు లేచిపోతారు. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చోండి, లేకపోతే ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాటల్లో పడతారు. మబ్బులు కదిలే రోజు దొరికితే అదృష్టం. నీలాకాశం కంటే మబ్బున్న ఆకాశమే అక్కడ బాగుంటుంది. కాసేపటికి ఆ ఖాళీ రంధ్రంలా కాకుండా పైకప్పుకు అతికించిన రంగు కాగితంలా కనిపించడం మొదలవుతుంది. అప్పుడు ఒక పక్షి దాటితే మళ్లీ లోతు తెలుస్తుంది.

టాక్సీ టైముకు పావుగంట ముందే గేటు వైపు నడవడం మొదలుపెట్టండి, పార్కు పెద్దది.

హౌటన్ కుదరకపోతే

వేసవి కాకపోతే వేక్‌ఫీల్డ్ దగ్గర యార్క్‌షైర్ స్కల్ప్చర్ పార్క్‌కు వెళ్లండి. 1977లో బ్రెటన్ హాల్ అనే భవనపు ఎస్టేట్‌లో మొదలైంది, 500 ఎకరాలు. చలికాలంలోనూ తెరిచే ఉంటుంది. హెన్రీ మూర్, బార్బరా హెప్‌వర్త్ ఇద్దరూ పుట్టింది ఆ చుట్టుపక్కలే, ఇద్దరి పనులూ ఆ కొండవాలు మీద ఉన్నాయి. అక్కడ గొర్రెలు శిల్పాల మధ్యే మేస్తాయి, గేట్లు మూసి వెళ్లండి. లీడ్స్, షెఫీల్డ్, మాంచెస్టర్‌లలో చదివే మనవాళ్లకు ఇదే దగ్గర.

డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ అనే ప్రభువుల భవనం కూడా మంచిదే. దాని యజమాని ఆరో డ్యూక్ కట్టించిన శిల్పశాలలో ఇటలీ శిల్పి కనోవా పాలరాతి బొమ్మలు, బయట తోటలో ఎలిజబెత్ ఫ్రింక్ కంచు గుర్రం ఒకే రోజు చూడొచ్చు. చెస్టర్‌ఫీల్డ్ స్టేషన్‌లో దిగాలి. వారాంతంలో జనం బాగా ఉంటారు, ఉదయం మొదటి టైముకే టికెట్టు తీసుకోండి.